స్టీరింగ్ మీది గేరు నేల మీదికి దిగిన చరిత్ర

2021 జులైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించి, పాతకాలపు (వింటేజ్) బండ్లకు విడిగా ఒక రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు దీని కిందికి వస్తాయి. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అని చేరుతుంది. కొత్తగా చేయించుకోవడానికి 20,000 రూపాయలు, పదేళ్లు గడిచాక మళ్లీ చేయించుకోవడానికి 5,000 రూపాయలు కట్టాలి. కిరాయికి తిప్పకూడదు. వీటన్నిటికన్నా ముఖ్యమైన షరతు మరొకటుంది: ఛాసిస్‌లోగానీ, బాడీలోగానీ, ఇంజన్‌లోగానీ పెద్ద మార్పు చేసి ఉండకూడదు. గేర్‌బాక్సు ఊసు అందులో లేదు. ఈ లెక్కన 1975లో రిజిస్టరైన అంబాసిడర్ ఇప్పుడు వింటేజ్ వరుసలో నిలబడుతుంది. ఉత్తర తెలంగాణ బొగ్గు బెల్టులో, మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని వైపు షెడ్లలోనో చింతచెట్ల కిందో మిగిలిన అలాంటి బండి దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఫ్యాక్టరీ గేరు రాడ్‌ను స్టీరింగ్ కింద పెట్టి పంపింది. తర్వాతి కాలంలో ఎవరో మేస్త్రీ ఆ రాడ్ తీసేసి, ముందు సీటు దగ్గర నేల మధ్యనున్న ఉబ్బెత్తు రేకుకు రంధ్రం కోసి, నేల మీద గేరు నిలబెట్టాడు. ఆ రంధ్రం బాడీకి చేసిన మార్పా, బండి బతకడానికి చేసిన రిపేరా? నా మటుకు అది రిపేరే. బొగ్గు బెల్టులో ఈ పని బండ్లు కిరాయికి తిరిగిన రోజుల్లో, అరిగిపోయిన యంత్రాన్ని నిలబెట్టడానికి జరిగింది. కాబట్టి ఇప్పుడు దాన్ని చెరిపేసి మళ్లీ ఫ్యాక్టరీ రూపానికి తీసుకురావడం చరిత్రను సరిదిద్దడం కాదు, ఒక అధ్యాయాన్ని చించెయ్యడం. ఈ మాట నిలబడాలంటే గేరు రాడ్ అసలు పైకి ఎందుకు వెళ్లిందో, కిందికి ఎందుకు దిగిందో వేరువేరుగా చూడాలి. ఆ రెండింటికీ కారణం ఒకటి కాదు.

1930లలో చాలా కార్లలో గేరు రాడ్ నేరుగా గేర్‌బాక్సు నెత్తి మీద నుంచి లేచి నిలబడేది. అంతకన్నా సూటి ఏర్పాటు లేదు. చేతికీ పళ్ల చక్రాలకూ నడుమ ఒకే ఒక్క ఇనుప కడ్డీ. 1938లో అమెరికాలో కాడిలాక్ సిక్స్‌టీ స్పెషల్ లాంటి కార్లు ఆ రాడ్‌ను తీసుకుపోయి స్టీరింగ్ స్తంభానికి తగిలించాయి. రెండేళ్లు తిరక్కుండానే అమెరికాలో దాదాపు అన్ని కంపెనీలూ అదే బాట పట్టాయి. దీనివల్ల గేరు మార్చడం మెరుగుపడిందని ఎవరూ అనలేరు. మెరుగుపడింది కూర్చునే చోటు. ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బల్లలా ఉండేది, మధ్యలో కూర్చునేవాడి మోకాళ్లకు రాడ్ అడ్డం. దాన్ని పైకి ఎత్తేస్తే ముందు ముగ్గురు, వెనక ముగ్గురు హాయిగా పడతారు. ఐదుగురి కారు ఆరుగురి కారయింది. యుద్ధం తర్వాత బ్రిటిష్ కంపెనీలు కూడా అమెరికా ధోరణినే పట్టుకున్నాయి. 1948లో వచ్చిన స్టాండర్డ్ వాన్‌గార్డ్‌కు మూడు గేర్లు, స్టీరింగ్ దగ్గర రాడ్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కూ రాడ్ స్టీరింగ్ దగ్గరే. అంబాసిడర్‌కు తల్లి ఆ ఆక్స్‌ఫర్డే.

అదే కాలంలో ఓవర్‌డ్రైవ్ అనే అదనపు పెట్టె కూడా వాడుకలోకి వచ్చింది. మామూలు టాప్ గేరులో ఇంజన్ ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఒక చుట్టే తిరుగుతుంది. గేర్‌బాక్సు తోకకు తగిలించిన ఓవర్‌డ్రైవ్‌లో చిన్న పళ్ల చక్రాలు ఒక పెద్ద చక్రం చుట్టూ తిరుగుతూ ఆ లెక్కను మారుస్తాయి. అమెరికాలో ఎక్కువగా వాడిన బోర్గ్‌వార్నర్ పెట్టెలో ఇంజన్ 70 చుట్లు తిరిగితే షాఫ్ట్ 100 చుట్లు తిరుగుతుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగం దాటాక డ్రైవర్ యాక్సిలరేటర్ మీద నుంచి ఒక క్షణం కాలు తీస్తే అది పట్టుకుంటుంది. పొడుగాటి రోడ్ల మీద ఇంజన్‌కు విశ్రాంతి, పెట్రోలు ఆదా. ఇలాంటి మూడు గేర్ల బండికి నేల గేరు పెట్టడం అమెరికాలో 1950ల చివరి నుంచి పెద్ద వ్యాపారమే అయింది. పెన్సిల్వేనియాలో జార్జ్ హర్స్ట్ పెట్టిన కంపెనీ దాంతోనే పేరు తెచ్చుకుంది. అక్కడ గేర్‌బాక్సు మార్చే పని లేదు. దాని పక్కన రెండు చిన్న లివర్లు ఉంటాయి, ఒకటి ఫస్టుకూ రివర్సుకూ, రెండోది సెకండుకూ టాప్‌కూ. స్టీరింగ్ నుంచి వచ్చే కడ్డీలు ఊడదీసి, నేల మీది కొత్త రాడ్ నుంచి పొట్టి కడ్డీలు కలిపితే అయిపోతుంది. ఓవర్‌డ్రైవ్ ఉన్న బండిలో మాత్రం తోక పొడుగు కాబట్టి మామూలు బ్రాకెట్టు పట్టదు. పైగా రివర్సు వేసినప్పుడు ఓవర్‌డ్రైవ్ తనంతట తాను లాక్ కావాలి. ఎందుకంటే దాని లోపలి ఫ్రీవీల్ ముందుకు తిరిగేటప్పుడే బలాన్ని మోస్తుంది, వెనక్కి జారిపోతుంది. కొత్త రాడ్ రివర్సు లోతు దాకా పూర్తిగా వెళ్లకపోతే ఆ లాక్ పడదు. అప్పుడు ఇంజన్ అరుస్తుందేగానీ బండి వెనక్కి కదలదు. ఇంత సున్నితమైన పనిని వాళ్లు ఎందుకు పెట్టుకున్నారు? పందెం వేగం కోసం, ఆ పోకడ మీది మోజు కోసం. 1964లో ఫోర్డ్ మస్టాంగ్ విడి సీట్లతో, నేల గేరుతో వచ్చాక ఆ మోజు ఫ్యాక్టరీలోకే చేరింది.

మన దగ్గర ఆ మోజుకు తావే లేకపోయింది. 1940ల చివర హిందుస్తాన్ మోటార్స్ స్టూడిబేకర్లను, ప్రీమియర్ ఆటోమొబైల్స్ డాడ్జ్, ప్లిమత్ బండ్లను విడిభాగాలుగా తెచ్చి బిగించేవి. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వాన్‌గార్డ్‌ను బిగించింది. వీటిలో వాన్‌గార్డ్‌కు, స్టూడిబేకర్‌కు కోరినవారికి ఓవర్‌డ్రైవ్ ఇచ్చే పద్ధతి వాటి స్వదేశాల్లో ఉండేది. స్టీరింగ్ గేరూ ఓవర్‌డ్రైవూ జోడుగా ఉండే బండ్ల వంశానికి మన రోడ్ల మీద ఆనవాళ్లు అవే. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, ఇక్కడే తయారు చేసే ప్రణాళిక లేని కంపెనీలకు తలుపులు మూసుకున్నాయి. 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్ వెళ్లిపోయింది, ఫోర్డూ వెళ్లిపోయింది. మిగిలింది ముగ్గురు: ఉత్తర్‌పారాలో హిందుస్తాన్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. వీళ్లలో స్టాండర్డ్ వాళ్ల హెరాల్డ్‌కు నేల గేరు. అంబాసిడర్‌కు నాలుగు గేర్లూ స్టీరింగ్ దగ్గరే, ప్రీమియర్ ఫియట్‌కూ అంతే. 1950ల చివర ఉత్తర్‌పారా నుంచి బయటికొచ్చిన అంబాసిడర్‌లోని ఆ ఏర్పాటు మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని పేర్లు మారినా మారలేదు. చాలా దేశాల సొంత కార్లలో 1970ల నాటికే వెనకబడిపోయిన స్టీరింగ్ గేరు మన దేశంలో 1990ల దాకా రోజువారీ యంత్రంగా నిలబడింది. అది గొప్పదని కాదు, వేరేది దొరకలేదు కాబట్టి. రెండు తరాల డ్రైవర్లు, మెకానిక్కులు దాని లోపాలన్నీ వేళ్ల చివర్ల దాకా నేర్చుకోవడానికి ఆ దీర్ఘాయుష్షే కారణం.

బొగ్గు బెల్టులో ఆ బండి ఎలా బతికిందో చెప్పాలంటే ఈ ఊళ్ల కూర్పు చూడాలి. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఆ పేరుతో ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాని వాటాల్లో ఎక్కువభాగం కొనడంతో అది సర్కారు చేతికి వచ్చింది. ఇల్లెందులో మొదలైన తవ్వకం బెల్లంపల్లికీ కొత్తగూడేనికీ, ఆ తర్వాత గోదావరి దక్షిణపు ఒడ్డున గోదావరిఖనికీ పాకింది. కాజీపేట, బల్లార్షా రైలుమార్గం మీద ఉన్న మంచిర్యాల ఈ గనుల ఊళ్లకు బజారు అయింది, ఆసుపత్రి అయింది, రైలు దిగే చోటూ అయింది. సిమెంటు ఫ్యాక్టరీ దానికి తోడు. గని మనిషికి షిఫ్టు ఉంటుంది, కంపెనీ బస్సు ఉంటుంది. అర్ధరాత్రి పురిటి నొప్పులకూ, పెళ్లికూతురి ప్రయాణానికీ, కరీంనగర్‌కో వరంగల్‌కో పెద్దాసుపత్రికి పరుగెత్తడానికీ షిఫ్టు బస్సు పనికిరాదు. అప్పుడు కావాల్సింది కిరాయి కారు. కిరాయి కారంటే దశాబ్దాల పాటు అంబాసిడరే. దాన్ని మాట్లాడుకునేది ఒక్కరు కాదు, ఒక ఇల్లు, కొన్నిసార్లు ఒక వాడ. వెనక నలుగురు, ముందు డ్రైవర్ కాకుండా ఇద్దరు, పిల్లలు లెక్కలోకి రారు. అమెరికా డిజైనర్లు ఆరుగురి కుటుంబాన్ని ఊహించి ఇచ్చిన బల్ల సీటును మన వాళ్లు అంతకు మించి వాడుకున్నారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. ముందు సీటు జాగా కోసమే గేరు పైకి వెళ్లిందంటే, ముగ్గురు కూర్చునే చోట దాన్ని కిందికి ఎందుకు దించారు? కిరాయి బండివాడికి అది నష్టమే కదా? దీనికి జవాబు జీపు దగ్గర ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మహీంద్రా వాళ్లు బిగించడం మొదలుపెట్టిన జీపు నేల గేరుతోనే ఎక్కువగా తిరిగింది. గనుల దగ్గర, అడవి రోడ్ల మీద, పోలీసు స్టేషన్ ముందు అదే కనిపించేది. ఆ గేరు రాడ్‌కు అటో కాలు ఇటో కాలు వేసుకుని మూడో మనిషి కూర్చోవడం ఉత్తర తెలంగాణలో జీపెక్కిన వాళ్లందరికీ తెలుసు. డ్రైవర్ సెకండుకు లాగినప్పుడల్లా మోకాలు పక్కకు జరపడం ప్రయాణంలో భాగమే. అంటే సీటు జాగా ఫ్యాక్టరీ నిర్ణయానికి కారణం అయిందిగానీ, జనం ఓర్పుకు అది హద్దు కాలేదు. మూడో మనిషి కోసం గేరు పైకి వెళ్లింది. అది కిందికి వచ్చినప్పుడు మాత్రం మూడో మనిషి దిగిపోలేదు, సర్దుకున్నాడు. కాబట్టి గేరు కిందికి రావడానికి కారణం సీటులో దొరకదు, బోనెట్ లోపల వెతకాలి.

స్టీరింగ్ గేరు చేసే పని రెండు కదలికలు. రాడ్‌ను స్తంభం పొడవునా లోపలికో బయటికో జరిపితే ఏ జత గేర్లు కావాలో ఎంచుకున్నట్టు. పైకో కిందికో తిప్పితే ఆ జతలో ఒకటి పడుతుంది. ఈ రెండు కదలికలూ స్తంభం అడుగుదాకా దిగి, అక్కడి నుంచి లివర్లు, కడ్డీలు, కీళ్లు దాటుకుంటూ గేర్‌బాక్సు పక్కకు చేరాలి. ప్రతి కీలు దగ్గరా ఒక బుష్. అది కొత్తలో బిగుతుగా ఉంటుంది. వెంట్రుక మందం అరిగినా చేతికి తెలియదు. కానీ అన్ని కీళ్ల అరుగుదలా కలిస్తే చివరికి గేర్‌బాక్సు దగ్గర చాలా తేడా వస్తుంది. ఎంచుకునే కదలిక పూర్తికాకుండానే తిప్పే కదలిక మొదలవుతుంది. రెండు గేర్ల నడుమ రాడ్ ఇరుక్కుంటుంది. అప్పుడు డ్రైవర్ బండి పక్కకు ఆపి, బోనెట్ ఎత్తి, వేడి ఇంజన్ పక్కగా చెయ్యి దూర్చి, లివర్‌ను న్యూట్రల్‌లోకి తోయాల్సిందే. పాత గేర్‌బాక్సులో ఫస్టుకు సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా ఫస్టు వెయ్యాలంటే రెండుసార్లు క్లచ్ తొక్కే నేర్పు కావాలి, వదులైన రాడ్‌తో ఆ నేర్పు కూడా పనిచెయ్యదు. ఈ కడ్డీలన్నీ గాలికి తెరిచే ఉంటాయి. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద నల్లటి దుమ్ము గ్రీజులో కలిసి సానపొడిలా పనిచేస్తుంది. అరుగుదలను ఆపడానికి వేసిన గ్రీజే అరుగుదలకు సాయం చేస్తుంది. 1980 ప్రాంతంలో డీజిల్ అంబాసిడర్ వచ్చాక ఇంజన్ వణుకు కూడా దీనికి తోడైంది. బుష్‌లు మార్చొచ్చు, మార్చారు కూడా. కానీ బుష్ కూర్చునే రంధ్రమే కోలగా అరిగిపోయాక కొత్త బుష్ నెల తిరక్కుండా మొదటికొస్తుంది. అప్పుడు లివర్‌కే వెల్డింగ్ పోసి మళ్లీ రంధ్రం తొలవాలి. అలాంటి లివర్లు నాలుగు, ఐదు. ఇది చేయించడానికి పోయే రోజులన్నీ కిరాయి లేని రోజులే.

నేల గేరులో ఈ గొడవ ఉండదు. ఎంచుకోవడం, తిప్పడం రెండూ గేర్‌బాక్సు మూత లోపల, నూనెలో మునిగి జరుగుతాయి. దుమ్ముకు దారి లేదు. ఈ తేడా మెకానిక్కులకు ఎప్పుడో తెలుసు, దొరకాల్సింది పెట్టె ఒక్కటే. 1984లో వచ్చిన హిందుస్తాన్ కాంటెస్సాతో అది దొరికింది. మొదటి కాంటెస్సాలో ఇంజన్ అంబాసిడర్‌లోని 1489 సిసి ఇంజనే, గేరు మాత్రం నేల మీద. తర్వాత ఇసుజు ఇంజన్, ఐదు గేర్లు వచ్చాయి. 1990ల మొదట్లో హిందుస్తాన్ మోటార్స్ ఆ 1817 సిసి ఇసుజు ఇంజన్‌నూ ఐదు గేర్ల పెట్టెనూ అంబాసిడర్‌లోనే పెట్టి 1800 ఐఎస్‌జెడ్ పేరుతో అమ్మింది. అందులో గేరు నేల మీద, ముందు సీట్లు విడివిడిగా. ఐదో గేరులో షాఫ్ట్ ఇంజన్ కన్నా వేగంగా తిరుగుతుంది. అమెరికాలో ఒకప్పుడు విడి పెట్టె, సోలనాయిడ్, తీగలు పెట్టి సాధించిన ఓవర్‌డ్రైవ్ ఇక్కడ ఒక జత పళ్ల చక్రాలతో వచ్చేసింది. ఫ్యాక్టరీయే చేసి చూపించాక, పాత బండికి కూడా అది కుదురుతుందని చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేకపోయింది. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి మార్కెట్లు పాత పెట్టెలనూ కొత్త సామాన్లనూ ఊరూరికీ చేర్చగలిగేవి. ఇంకో వైపు, 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 కొత్త డ్రైవర్లందరికీ నేల గేరు అలవాటు చేసింది. 1990లలో లైసెన్సు తీసుకున్న కుర్రవాడికి స్టీరింగ్ గేరు బండి ఇస్తే మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. డ్రైవర్లు తరచూ మారే కిరాయి బండి యజమానికి అదొక భారం.

ఈ మార్పు చెయ్యడం మాటలంత తేలిక కాదు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి పాత పెట్టె దింపాలి. కొత్త పెట్టె ముందు షాఫ్ట్ మీది గాడులు క్లచ్ ప్లేటుకు సరిపోవాలి, లేకపోతే ప్లేటు మధ్యభాగం మార్చాలి. షాఫ్ట్ ముక్కు కూర్చునే పైలట్ బుష్ లేత్ మీద కొత్తగా తీయించాలి. ఇసుజు పెట్టెను పాత ఇంజన్‌కు కట్టాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి, దాని కేంద్రం వెంట్రుక వాసి తప్పినా బేరింగ్ అరుస్తుంది. వెనక పెట్టెను మోసే అడ్డ దూలం జరపాలి. పెట్టె పొడవు తేడాను బట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టాన్ని కోసి, సరైన పొడవుకు వెల్డింగ్ చేసి, బ్యాలెన్స్ చూడాలి. అది సరిగ్గా కుదరకపోతే వేగం అందుకోగానే బండంతా వణుకుతుంది. స్పీడోమీటరు కేబుల్ కొత్త చోటికి చేరాలి. అన్నీ అయ్యాక రాడ్ ఎక్కడ పైకి వస్తుందో సుద్దతో గీసి, రేకు కోసి, అంచులు మడిచి, రబ్బరు తొడుగు బిగించాలి. ఆఖరున బల్ల సీటు ముందు అంచును రాడ్ తగలకుండా సర్దాలి. ఒక్కో మెట్టులో లేత్ మనిషి, వెల్డర్, టింకర్, మెకానిక్ కలిసి పనిచెయ్యాలి. గనుల ఊళ్లలో ఈ నైపుణ్యానికి కరువు లేదు. పంపులు, కన్వేయర్ బెల్టులు, హాలేజీ ఇంజన్లు నడవాలంటే గని వర్క్‌షాపుల్లో ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఉండి తీరాలి. కొత్త సామాను కోసం ఎదురుచూడకుండా ఉన్న ఇనుముతోనే పని గట్టెక్కించడం వాళ్ల వృత్తి ధర్మం. అదే బుద్ధి రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డులోనూ పనిచేసింది. ఈ పనితనాన్ని ఏ మ్యూజియమూ భద్రపరచలేదు. అది మిగిలింది ఆ బండ్లలోనే. నేల గేరు మార్పును తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నా ప్రధానమైన పేచీ ఇదే.

వింటేజ్ బండ్ల మీద శ్రద్ధ ఉన్నవాళ్లు దీనికి ఎదురు చెబుతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపమే ప్రమాణం, తర్వాత చేరిందంతా మలినం, తొలగించాల్సిందే అంటారు. ఈ వాదంలో న్యాయం లేకపోలేదు. అసలు రూపంలో ఉన్న బండ్లు కొన్నయినా లేకపోతే అంబాసిడర్ ఎలా ఉండేదో రేపటివాళ్లకు తెలియదు. కానీ ఆ ప్రమాణం కోసం ఊరూరి బండినీ వెనక్కి తిప్పనక్కర్లేదు. 2014 మే నెలలో ఉత్తర్‌పారాలో తయారీ ఆగేదాకా దాదాపు అరవై ఏళ్ల పాటు లక్షల్లో తయారైన బండి ఇది. అసలు రూపంలో ఉన్నవి కోల్‌కతా నుంచి కొచ్చి దాకా దొరుకుతాయి. 1990లలో ఒక గనుల ఊళ్లో కాంటెస్సా పెట్టె బిగించుకుని తిరిగిన మార్క్ 3 దొరకడమే కష్టం. ఇంకో మాట కూడా ఉంది. ఫ్యాక్టరీ రూపం అంటున్నదే నిలకడైనది కాదు. 1990ల మొదటి నుంచి ఫ్యాక్టరీయే నేల గేరు ఇచ్చింది కదా. అప్పుడు ప్రమాణం ఏ ఏడాదిది?

రెండో అభ్యంతరం చట్టానిది, అది నాకు మొదటిదానికన్నా బరువైనదిగా తోస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. గేరు రాడ్ ఎక్కడుందో ఆర్‌సీలో రాయరు కాబట్టి ఆ తేడా కాగితం మీద కనిపించదు. కానీ వింటేజ్ నిబంధన బాడీ గురించి మాట్లాడుతోంది. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ లేదు, నేల రేకూ బాడీ కలిసే బరువు మోస్తాయి. ఆ నేలకు రంధ్రం కోస్తే బాడీని ముట్టుకోలేదని అనడం కుదరదు. అయితే నిబంధన ఆపుతున్నది పెద్ద మార్పును. రెండు మడతల మధ్య, అంచులు మడిచి కోసిన అరచేతి వెడల్పు రంధ్రం బండి గట్టితనాన్ని దెబ్బతీయదు. ఇంజన్ వెనక గోడ దాకా గ్యాస్ కట్టర్‌తో చీల్చేస్తే మాత్రం దెబ్బతీస్తుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకుండా పరిశీలించే అధికారి కంటితో చూసి తేల్చాలి. బండి మొదటి రూపం నుంచి ఎంత జరిగిందనేది ఒక ప్రశ్న, ఆ జరగడం పనిలో భాగంగా జరిగిందా అనేది ఇంకో ప్రశ్న. రెండోదాన్ని అడగడానికి నిబంధనలో చోటు కల్పించాలి.

అలాగని ఇప్పుడు కొత్తగా అసలు రూపంలో ఉన్న అంబాసిడర్ కొని, నడపడం తేలికవుతుందని నేల కోసేవాళ్లను నేను సమర్థించను. వాళ్లు అంటారు, మేస్త్రీ 1995లో చేసిందే మేమూ చేస్తున్నాం, తేడా ఏమిటని. తేడా అవసరంలో ఉంది. అప్పటి బండి రోజూ రోడ్డెక్కకపోతే ఒక ఇల్లు గడిచేది కాదు, లివర్లు దొరకని రోజుల్లో అదే దారి. ఇప్పటి బండి ఆదివారం పొద్దున బయటికి వస్తుంది. దాని లివర్లకు వెల్డింగ్ పోయించి, రంధ్రాలు మళ్లీ తొలిపించి, బుష్‌లు కొత్తవి వేయించడానికి వేచి చూసే తీరిక యజమానికి ఉంది. అలా చేసిన స్టీరింగ్ గేరు, దుమ్ములో రోజుకు వంద కిలోమీటర్లు తిరగని బండిలో, ఏళ్ల తరబడి నిలుస్తుంది. అమెరికాలో ఓవర్‌డ్రైవ్ బండికి నేల గేరు పెట్టుకున్న కుర్రాడు మోజుతో చేశాడు, ఇప్పుడు ఇక్కడ చేసేవాడూ మోజుతోనే చేస్తాడు. మంచిర్యాల మేస్త్రీ పని ఆ కోవలోది కాదు.

పాత మార్పుకూ కొత్త కోతకూ తేడా ఎలా పట్టుకోవాలంటే, కాగితాలు చెప్పకపోయినా ఇనుము చెబుతుంది. గ్యాస్‌తో కోసిన అంచు గరుకుగా, కరిగి గడ్డకట్టినట్టు ఉంటుంది. దాని మీద పేరుకున్న రంగు పొరలు, వాటి కింది తుప్పు బండి మిగతా రేకుతో ఈడు కలవాలి. స్టీరింగ్ స్తంభం మీద పాత రాడ్ దూరిన గాడి, దాన్ని మూసిన రేకు ముక్క, ఇంజన్ వెనక గోడకు మిగిలిపోయిన బ్రాకెట్టు రంధ్రాలు కనిపిస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టం మీద వెల్డింగ్ గీత ఒకటి అదనంగా ఉంటుంది. గేర్‌బాక్సు మీద పోతపోసిన నంబరు ఏ బండిదో చెబుతుంది. వీటిని ఫోటోలు తీసి, కొలతలు రాసి, తీసేసిన పాత కడ్డీలు గోనెసంచిలో ఉంటే వాటినీ బండితోనే ఉంచితే, అది ఆ యంత్రం జాతకం అవుతుంది. ఆదిలాబాద్ జిల్లా ‘ఏపీ 01’ నంబరుతో తిరిగి, 2016లో మంచిర్యాల విడి జిల్లా కావడం కూడా చూసిన బండికి ఆ జాతకం రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పని చేసిన మెకానిక్కుల్లో చాలామంది ముసలివాళ్లయ్యారు, అడిగితే ఏ పెట్టె ఏ ఇంజన్‌కు ఎలా కుదిర్చారో వేళ్లతో చూపించగలరు. అడగడానికి ఇదే అదను.

1800 ఐఎస్‌జెడ్ బండ్లలో మొదటివి 2040లలో 50 ఏళ్లు నింపుకుని వింటేజ్ దరఖాస్తుకు వస్తాయి. నేల మీది గేరే వాటి అసలు రూపం కాబట్టి వాటిని ఎవరూ ప్రశ్నించరు. వాటి పక్కనే, అదే ఉత్తర్‌పారాలో తయారై, అదే ఇసుజు పెట్టెను మంచిర్యాలలో బిగించుకున్న 1975 నాటి బండి కూడా నిలబడుతుంది. నిబంధన ఇప్పుడున్నట్టే ఉంటే పరిశీలనాధికారి వీటిలో మొదటిదానికి సంతకం పెడతాడు, రెండోదాని నేల రేకు వైపు వంగి చూస్తాడు.